స్కోరు పుస్తకమును ప్రశ్నించు విద్య

క్రికెట్టు ఆటలో పరుగులు చేయువాడు ఒకడు. వానిని లెక్క వ్రాయువాడు మరియొకడు. బ్యాటు పట్టినవాని పేరు నలుగురి నోట నిలుచును. పెవిలియను ప్రక్కన బల్ల వేసికొని, పెన్సిలు చెక్కుకొని, బంతి బంతికి ఒక గుర్తు పెట్టుచు కూర్చుండు స్కోరరు పేరు ఎవ్వరును అడుగరు. అయినను ముప్పది యేండ్ల పిమ్మట ఆ ఆటను గురించి ఇద్దరు మిత్రులు వాదులాడుకొనినప్పుడు తీర్పు చెప్పునది ఆ పెన్సిలు వ్రాతయే. రేడియోలో వ్యాఖ్యానము వినుచు, పాత నోటుపుస్తకము ఒడిలో పెట్టుకొని స్కోరు వ్రాసికొనినవారు మన యిండ్లలో ఎందరో కలరు. వారికి ఈ సంగతి క్రొత్తగా చెప్పనక్కరలేదు.

లెక్క వ్రాయుట ఒక విద్య. వ్రాసిపెట్టిన లెక్కను ప్రశ్నించుట వేరొక విద్య. మొదటిది రెండు శతాబ్దములకు పైబడిన విద్య. రెండవదానికి ఒక ప్రత్యేకమైన భాష యేర్పడి యాభై యేండ్లు మాత్రమే దాటినది. ఆ భాష పేరు ఎస్.క్యూ.ఎల్. బ్యాంకులోని ఖాతా, రైలులోని బెర్తు, ఆసుపత్రిలోని చీటి, అన్నియు నేడు కంప్యూటరులోని పట్టికలలో ఉండగా, ఆ పట్టికలలో చాలవాటిని ప్రశ్నించునది ఈ భాషయే. చదువుకొను పిల్లలున్న యింట ఈ మూడక్షరములు వినబడుచునే యుండును. దీనిని నేర్చుకొనుటకు ఆటల లెక్కలు మంచి బడి. ఎందుకనగా, వచ్చిన జవాబు సరియైనదో కాదో మనము వ్రేళ్ళమీద లెక్కించి సరిచూచుకొనవచ్చును. అంతకంటె ముఖ్యమైన కారణము మరియొకటి కలదు. సరియైన జవాబు కూడ ఒక్కొక్కప్పుడు మనలను ఎట్లు తప్పుదారి పట్టించునో ఆటల లెక్కలలో స్పష్టముగా తెలియును.

మొదట వ్రాత సంగతి చూతము. ఇంగ్లండులో పదునెనిమిదవ శతాబ్దమున పరుగులను కర్రమీద కత్తితో గాట్లు పెట్టి లెక్కించెడివారు. మన పల్లెలలో పాలు పోయువారు గోడమీద బొగ్గుతో గీతలు గీచి, నెలాఖరున లెక్క తేల్చుకొనుట వంటిదే అది. గాటు మొత్తమును చెప్పునే గాని, ఎవడు చేసినాడో, ఎట్లు అవుటయినాడో చెప్పదు. ఆ కొరత తీర్చుటకే కాగితము వచ్చినది. కాగితముమీద ఆటగాని పేరు ఒక వరుస, అవుటయిన విధము ఒక వరుస, పరుగులు ఒక వరుస. అడ్డముగా చదివిన ఒక మనిషి కథ. నిలువుగా చదివిన జట్టు కథ. 1864లో జాన్ విజ్డెన్ అను ఆటగాడు తన పేర ఒక వార్షిక గ్రంథమును ప్రారంభించినాడు. అది నేటికిని వెలువడుచునే యున్నది. అదే కాలమున, ఇంగ్లండులో పుట్టి చిన్నతనముననే అమెరికా చేరిన హెన్రీ చాడ్విక్ అను పత్రికా రచయిత క్రికెట్టు స్కోరు పట్టిక తీరును బేసుబాలునకు అలవరచినాడు. ఈ విధముగా రెండు ఖండములలోను ఆట పట్టికగా మారినది.

కాని పుస్తకములోని పట్టికకు ఒక కట్టుబాటు కలదు. అచ్చువేసినవాడు ఏ క్రమమున అచ్చువేసినాడో ఆ క్రమముననే అది జవాబు చెప్పును. విజ్డెన్ గ్రంథము మ్యాచి వెంట మ్యాచిగా సాగును. 'ఈ మ్యాచిలో ఎవరెన్ని పరుగులు చేసినారు?' అన్నచో ఒక పుట తెరచిన చాలును. 'ఈ ఆటగాడు తన జీవితమున రెండవ ఇన్నింగ్సులలో మొత్తము ఎన్ని చేసినాడు?' అన్నచో పది సంపుటములు తిరుగవేసి, వేరొక కాగితముమీద ఎత్తి వ్రాసికొనవలెను. ప్రశ్న మారినప్పుడెల్ల ఎత్తివ్రాత మరల మొదలు. గణాంకవేత్తల జీవితములు ఈ ఎత్తివ్రాతలోనే గడచినవి.

కంప్యూటరులు వచ్చిన పిదప ఈ కష్టము తీరవలసినది. వెంటనే తీరలేదు. 1960 దశకములో సమాచారమును చెట్టు ఆకారమున దాచెడివారు. చంద్రయాత్రకై తలపెట్టిన అపోలో నౌకల విడిభాగముల లెక్కకొరకు ఐ.బి.ఎం. సంస్థ నిర్మించిన ఐ.ఎం.ఎస్. అను వ్యవస్థ అట్టిదే. మొదట మొదలు, దానినుండి కొమ్మ, కొమ్మనుండి రెమ్మ. ఒక సంగతి కావలెనన్నచో ఏ కొమ్మనెక్కి ఏ రెమ్మను పట్టుకొనవలెనో అడుగడుగునకు చెప్పుచు ప్రోగ్రాము వ్రాయవలెను. 1973లో ట్యూరింగ్ బహుమానమును అందుకొనిన చార్లెస్ బాక్‌మన్ తన ఉపన్యాసములో ప్రోగ్రాము వ్రాయువానిని నావికునితో పోల్చినాడు. పోలిక చక్కనిదే. కాని దారి తెలిసిన నావికుడు ఊరిలో లేనినాడు ఒడ్డున నిలుచున్నవారు ప్రశ్న అడుగుటకు వీలులేదు.

ఈ స్థితిని మార్చినవాడు ఎడ్గర్ కాడ్. ఆయన 1923లో ఇంగ్లండు దక్షిణ తీరమునందలి పోర్ట్‌లాండ్ దీవిలో పుట్టినాడు. రెండవ ప్రపంచ యుద్ధమున విమానము నడిపినాడు. పిమ్మట అమెరికా చేరి ఐ.బి.ఎం. సంస్థలో పనిచేసినాడు. 1970 జూన్‌లో ఆయన ప్రకటించిన వ్యాసము కొద్ది పుటలదే. దాని సారమును ఇట్లు చెప్పవచ్చును: సమాచారమునంతయు సాదా పట్టికలుగా ఉంచుడు, ఏ పంక్తి ముందున్నది, ఏది వెనుకనున్నది అను విషయమున ప్రశ్నించువానికి నిమిత్తముండరాదు, వానికి ఏమి కావలెనో చెప్పిన చాలును, ఎట్లు తేవలెనో యంత్రమే చూచుకొనును. గణితములోని సమితి సిద్ధాంతము దీనికి పునాది. ఈ భావమునకే 1981లో ఆయనకు ట్యూరింగ్ బహుమానము లభించినది.

కాడ్ వ్యాసము గణితజ్ఞుల భాషలో ఉన్నది. దానిని సామాన్యుని నోటికి అందించినవారు అదే సంస్థలోని ఇద్దరు యువకులు, డొనాల్డ్ చాంబర్లిన్, రేమండ్ బాయిస్ అనువారు. కంప్యూటరు వృత్తి కానివారు కూడ వాడుకొనగలుగునట్లు, ఇంగ్లీషు వాక్యమును పోలిన ఒక ప్రశ్నాభాషను వారు 1974లో ప్రకటించినారు. దాని తొలి పేరు సీక్వెల్. ఆ సంవత్సరముననే బాయిస్ పిన్నవయసున ఆకస్మికముగా మరణించినాడు. తాను నాటిన మొక్క మానగుట చూచు భాగ్యము ఆయనకు లేకపోయినది. సీక్వెల్ అను పేరు అంతకుముందే ఇంగ్లండులోని ఒక విమాన నిర్మాణ సంస్థ వ్యాపార చిహ్నమై యుండుటచే, పేరు కుదించి ఎస్.క్యూ.ఎల్. అనినారు. పాత ఉచ్చారణ మాత్రము నేటికిని చాలమంది నోట నిలిచియున్నది. 1979లో ఈ భాషగల సరకు బజారులోనికి వచ్చినది. 1986లో అమెరికా ప్రమాణ సంస్థయు, 1987లో అంతర్జాతీయ ప్రమాణ సంస్థయు దీనిని ఆమోదించినవి.

ఇక అభ్యాసమునకు ఒక పట్టిక కావలెను. అందుకు మన సి.కె. నాయుడుగారి టెస్టు ఆటలకంటె తగినవి ఏమున్నవి? నాగపూరులో స్థిరపడిన తెలుగు కుటుంబమున 1895 అక్టోబరు 31న జన్మించి, 1932లో ఇంగ్లండులోని లార్డ్స్ మైదానమున భారతదేశపు మొట్టమొదటి టెస్టు జట్టుకు నాయకత్వము వహించినవారు నాయుడుగారు. వారు ఆడిన టెస్టులు ఏడు, ఇన్నింగ్సులు పదునాలుగు. ఒక్కొక్క మ్యాచిలో మొదటి ఇన్నింగ్సు పరుగులు ముందు, రెండవ ఇన్నింగ్సు పరుగులు తరువాత వ్రాసిన ఇట్లుండును.

1932, లార్డ్స్: 40, 10
1933, బొంబాయి: 28, 67
1934, కలకత్తా: 5, 38
1934, మదరాసు: 20, 2
1936, లార్డ్స్: 1, 3
1936, మాంచెస్టర్: 16, 34
1936, ఓవల్: 5, 81

కంప్యూటరులో దీనిని వ్రాయునప్పుడు ఇన్నింగ్సుకు ఒక పంక్తి చొప్పున పదునాలుగు పంక్తులు వ్రాయవలెను. నిలువు వరుసలు నాలుగు: సంవత్సరము, మైదానము, ఇన్నింగ్సు (ఇది 1 గాని 2 గాని), పరుగులు. రెండు ఇన్నింగ్సులను ఒకే గడిలో ఇరికింపరాదు. గడికి ఒక్క విలువ అనునది కాడ్ నాటినుండి వచ్చిన నియమము. పట్టికకు 'ఆట' అని పేరు పెట్టుకొందము. యంత్రమునకు ఆజ్ఞాపదములను రోమను లిపిలోనే ఇయ్యవలెను. ఇచట చదువుకొనుటకు వీలుగా తెలుగులో వ్రాయుచున్నాము.

మొదటి ప్రశ్న అన్నిటికంటె తేలిక. ఉన్నదంతయు చూపుమనుట.

సెలెక్ట్ * ఫ్రమ్ ఆట;

సెలెక్ట్ అనగా ఎన్నుము. ఫ్రమ్ అనగా ఇందులోనుండి. నక్షత్రపు గుర్తునకు అన్ని వరుసలు అని అర్థము. పదునాలుగు పంక్తులును వచ్చును. పట్టిక క్రొత్తగా చేతికి వచ్చినప్పుడు మొదట ఇట్లు ఒకసారి కన్నులార చూచుకొనుట మంచి అలవాటు. ఇక, యాభైకి తగ్గని ఆటలు మాత్రమే కావలెననుకొందము.

సెలెక్ట్ సంవత్సరము, మైదానము, పరుగులు ఫ్రమ్ ఆట వేర్ పరుగులు >= 50;

వేర్ అను మాట జల్లెడవంటిది. దీనిలోనుండి రెండే పంక్తులు దిగును: 1933 బొంబాయి 67, 1936 ఓవల్ 81. పెద్దది మొదటగా వరుస పెట్టవలెనన్నచో చివర ఆర్డర్ బై పరుగులు డెస్క్ అని చేర్చవలెను. అప్పుడు 81 తలమీదకు వచ్చును. ఈ మాట చేర్చనిచో పంక్తులు ఏ క్రమమున వచ్చునో యంత్రము హామీ ఇయ్యదు. నిన్న ఒక వరుసలో వచ్చినవి కనుక రేపును అట్లే వచ్చునని నమ్మరాదు.

ఇచట తెలుగువారికి సంతోషము కలిగించు ఒక విశేషమున్నది. ఈ వాక్యము ఇంగ్లీషు తీరున ఎన్నుము అను క్రియతో మొదలగుచున్నది. కాని దాని అర్థమును గ్రహించు క్రమము వేరు. మొదట ఏ పట్టికలోనుండి అనునది, తరువాత ఏ పంక్తులు నిలుచును అనునది, ఆ పిమ్మటనే ఏ వరుసలు చూపవలెను అనునది. 'ఆట పట్టికలోనుండి, యాభైకి తగ్గని పంక్తులలోని, సంవత్సరమును, మైదానమును, పరుగులను ఎన్నుము' అని మనము తెలుగులో సహజముగా అందుము. క్రియ చివరకు వచ్చును. వాక్యమును మొదట తెలుగులో అనుకొని పిమ్మట ఆ భాషలో వ్రాసినచో తప్పులు తగ్గును. వేర్‌తో జల్లింపక ముందే లెక్కలు కట్టబోవు పొరపాటు ఇట్టివారికి రాదు.

ఇప్పుడు మొత్తములు.

సెలెక్ట్ కౌంట్(*), సమ్(పరుగులు), ఏవీజీ(పరుగులు) ఫ్రమ్ ఆట;

ఎన్ని పంక్తులు, మొత్తమెంత, సగటు ఎంత అని అర్థము. జవాబు: 14, 350, 25. విజ్డెన్ లెక్కయు ఇదే. ఇంతవరకు మనము క్రొత్తగా తెలిసికొనినది ఏమియు లేదు. తెలిసిన సంగతిని యంత్రము చేత చెప్పించితిమి. ఇక తెలియని సంగతిని అడుగుదము.

సెలెక్ట్ ఇన్నింగ్సు, సమ్(పరుగులు) ఫ్రమ్ ఆట గ్రూప్ బై ఇన్నింగ్సు;

గ్రూప్ బై అనగా ఒకే విలువగల పంక్తులను ఒక కుప్పగా పోయుట. కళ్ళములో వడ్లు వేరు, తాలు వేరు పోసినట్లు మొదటి ఇన్నింగ్సులు ఒక కుప్ప, రెండవవి ఒక కుప్ప. మొదటి కుప్పలో 115 పరుగులు, రెండవదానిలో 235. నాయుడుగారు మ్యాచి మొదటి భాగముకంటె రెండవ భాగమున రెట్టింపునకు మించి పరుగులు చేసినారు! రెండు అర్ధశతకములును రెండవ ఇన్నింగ్సులోనివే. సగటు 25 అను ఒక్క అంకెలో ఈ సంగతి దాగి యుండినది. కుప్ప రెండుగా పోయగానే బయటపడినది. ఏడు మ్యాచిలు చిన్న లెక్క గనుక దీనినిబట్టి పెద్ద సిద్ధాంతము కట్టరాదు. కాని ఆ ఆటల వివరములను మరల చదువవలెనను కోరిక దీనివలన కలుగును. ప్రశ్న అడుగుటవలన కలుగు నిజమైన లాభము ఇదియే.

మైదానమునుబట్టి కుప్పలు పోసిన బొంబాయి 95, ఓవల్ 86, లార్డ్స్ 54, మాంచెస్టర్ 50, కలకత్తా 43, మదరాసు 22 వచ్చును. కూడి చూచిన 350 సరిపోవును. కుప్పలలో ఎనుబదికి మించినవి మాత్రము కావలెనన్న హావింగ్ సమ్(పరుగులు) > 80 అనవలెను. బొంబాయి, ఓవల్ రెండే నిలుచును. వేర్ అనునది పంక్తులను జల్లించును. హావింగ్ అనునది కుప్పలను జల్లించును. ఇచట లార్డ్స్ కుప్పను కొంచెము జాగ్రత్తగా చూడుడు. అందులో 1932 నాటి 40, 10, నాలుగేండ్ల తరువాతి 1, 3 కలిసిపోయినవి. ముప్పదియారేండ్ల నాయకుని ఆటను, నలుబదియేండ్ల ఆటగాని ఆటను యంత్రము ఒకే బుట్టలో వేసినది. తప్పు యంత్రముది కాదు. మనము మైదానము అని మాత్రమే చెప్పితిమి. గ్రూప్ బై సంవత్సరము, మైదానము అని రెండు పేర్లును చెప్పిన విడిపోవును.

రెండు పట్టికలను కలుపుటలో ఈ జాగ్రత్త మరింత అవసరము. 'మ్యాచి' అను రెండవ పట్టికలో సంవత్సరము, మైదానము, నాయకుడు అను వరుసలు వ్రాసి యున్నామనుకొందము. 1932 నుండి 1934 వరకు జరిగిన నాలుగు మ్యాచిలకు నాయకుడు నాయుడుగారు. 1936 నాటి మూడింటికి విజయనగరపు మహారాజకుమారుడు, విజ్జీ అని లోకము పిలిచిన విజయానంద గజపతిరాజు. ఎవరి నాయకత్వమున నాయుడుగారు ఎట్లు ఆడినారో తెలియుటకు రెండు పట్టికలను జాయిన్ చేయవలెను. సంవత్సరము, మైదానము రెండును సరిపోవలెనని నియమము పెట్టిన, తమ నాయకత్వమున ఎనిమిది ఇన్నింగ్సులలో 210 పరుగులు, సగటు 26.25, విజ్జీ నాయకత్వమున ఆరు ఇన్నింగ్సులలో 140 పరుగులు, సగటు 23.33 అని వచ్చును. అట్లుగాక మైదానము మాత్రమే సరిపోయిన చాలునని వ్రాసినచో, లార్డ్స్‌లోని నాలుగు ఇన్నింగ్సులలో ఒక్కొక్కటి ఆ మైదానపు రెండు మ్యాచిలతోను జతపడును. నాలుగు పంక్తులు ఎనిమిదగును. మొత్తము 404కు ఎక్కును. నాయుడుగారు చేయని 54 పరుగులను యంత్రము వారి పద్దున వ్రాసినది. తప్పు జరిగినదని ఒక్క హెచ్చరికయైన రాదు. అందుచేత కలిపిన ప్రతిసారి పంక్తులు లెక్కించుకొనవలెను. పదునాలుగు ఉండవలసినచోట పదునెనిమిది ఉన్నవనగా దోషము కలదన్నమాట.

సగటు విషయమున ఒక మెలిక ఇంకను మిగిలియున్నది. నాయుడుగారు టెస్టులలో ఒక్కసారియు నాటవుటుగా నిలువలేదు గనుక ఏవీజీ చెప్పిన 25 క్రికెట్టు సగటుతో సరిపోయినది. అందరికిని ఇట్లు సరిపోదు. క్రికెట్టులో పరుగులను ఇన్నింగ్సులచే భాగింపరు. అవుటయిన పర్యాయములచే భాగింతురు. ఆస్ట్రేలియా ఆటగాడు డొనాల్డ్ బ్రాడ్మన్ టెస్టులలో 80 ఇన్నింగ్సులు ఆడి 6,996 పరుగులు చేసినాడు, పదిసార్లు నాటవుటు. ఏవీజీని అడిగిన 87.45 అనును. లోకమునకు తెలిసిన సగటు 99.94. రెండును సరియైన లెక్కలే, ప్రశ్నలు వేరు. 6,996ను 70చే భాగింపుమని మనమే వ్రాయవలెను. అపుడును కొన్ని వ్యవస్థలు పూర్ణసంఖ్యను పూర్ణసంఖ్యచే భాగించి భిన్నమును వదలివేయును. జవాబు 99 అని మాత్రమే వచ్చును. ఒక సంఖ్యను 1.0చే గుణించి పిమ్మట భాగించిన ఈ చిక్కు తీరును.

బ్రాడ్మన్ జీవితములోనే, ఒకే మైదానమున, ఈ భాషలోని మిక్కిలి సూక్ష్మమైన విషయమునకు ఉదాహరణ కలదు. 1938లో ఓవల్ మైదానమున ఆయన బౌలింగు చేయుచుండగా కాలు మడతపడి ఎముక విరిగినది. ఆ మ్యాచిలో రెండు ఇన్నింగ్సులందును ఆయన బ్యాటు పట్టలేదు. పదేండ్ల తరువాత, 1948 ఆగస్టు 14న, అదే ఓవల్‌లో తన తుది టెస్టు ఇన్నింగ్సున హోలీస్ వేసిన రెండవ బంతికే సున్నకు అవుటయినాడు. నాలుగు పరుగులు చేసియున్నచో సగటు సరిగా నూరు అయియుండెడిది. మొదటిదానిలోను పరుగులు లేవు, రెండవదానిలోను పరుగులు లేవు. కాని ఆ రెండు లేములును ఒకటి కావు. ఆడి సున్న చేయుట వేరు. ఆడనే ఆడకపోవుట వేరు.

ఈ భేదమును నిలుపుటకే పట్టికలో నల్ అను గుర్తు కలదు. నల్ అనగా సున్న కాదు; అచట విలువ లేదని అర్థము. ఏవీజీ సున్నను లెక్కలోనికి తీసికొనును, నల్‌ను విడిచిపెట్టును. 1938 నాటి రెండు గడులలో నల్‌కు మారుగా సున్నలు వ్రాసి అవుటని లెక్కించినచో బ్రాడ్మన్ సగటు 97.17కు దిగును. 1948 నాటి సున్నను అభిమానముచేత చెరిపి నల్ వ్రాసినచో 101.39కు ఎగురును. నల్ గల పంక్తులను వెదకునప్పుడు వేర్ పరుగులు = నల్ అని వ్రాసిన ఒక్క పంక్తియు రాదు. లేని విలువ దేనితోను సమానమని చెప్పుటకు వీలులేదు గదా! వేర్ పరుగులు ఈజ్ నల్ అని అడుగవలెను.

నల్ గల పంక్తి అచట ఏదో లోటున్నదని చెప్పనైన చెప్పును. అసలు పంక్తియే లేనిచో? ఇది ఈ భాష తీర్పజాలని చిక్కు. 1926 డిసెంబరు 1న బొంబాయి జింఖానా మైదానమున నాయుడుగారు హిందూ జట్టు పక్షమున ఆడి, ఇంగ్లండునుండి గిల్లిగన్ నాయకత్వమున వచ్చిన ఎం.సి.సి. జట్టుపై 153 పరుగులు చేసినారు. అందులో పదునొకండు సిక్సర్లు. రెండు గంటలు పట్టని ఆట. భారతదేశము పెద్ద జట్లతో తలపడగలదను నమ్మకమును కలిగించిన ఇన్నింగ్సు అదియే. 1928 డిసెంబరులో దేశమునకు క్రికెట్టు నియంత్రణ మండలి ఏర్పడినది. 1932లో తొలి టెస్టు జరిగినది. కాని 1926 నాటి ఆట టెస్టు కాదు. కనుక మన 'ఆట' పట్టికలో ఆ 153 లేదు. ఆర్డర్ బై పరుగులు డెస్క్ అని ఎన్నిమార్లు అడిగినను యంత్రము 81నే తలమీద నిలుపును. ఈ పట్టికను మాత్రమే చూచువానికి నాయుడుగారు సగటు 25 గల ఒక సాధారణ ఆటగాడు. వారు తొలి టెస్టు ఆడునాటికి ముప్పదియారేండ్లు నిండినవను సంగతి కూడ అందులో లేదు.

నాయుడుగారికి పదునాలుగు పంక్తులైన మిగిలినవి. పల్వంకర్ బాలూకు ఒక్కటియు లేదు. అంటరానివాడని సంఘము దూరముగా నుంచిన చర్మకార కుటుంబమున పుట్టిన ఎడమచేతి స్పిన్ బౌలరు ఆయన. 1911లో ఇంగ్లండు వెళ్ళిన భారత జట్టు పక్షమున ఆ యాత్రలో నూరు వికెట్లకు పైగా తీసినాడు. హిందూ జట్టునకు ఏండ్ల తరబడి వెన్నెముకవలె నిలిచినాడు. అయినను కులము కారణముగా ఆయనకు ఆ జట్టు నాయకత్వము దక్కలేదు. ఆయన తమ్ముడు విఠల్ 1923లో ఆ పదవిని పొందినాడు. దేశము తొలి టెస్టు ఆడునప్పటికి బాలూ వయస్సు యాభై దాటినది. టెస్టుల పట్టికలో ఆయన పేరు వెదకిన, వేర్ పేరు = 'బాలూ' అన్నచో, సున్న పంక్తులు అని యంత్రము నిర్వికారముగా చెప్పును. అది అబద్ధము కాదు. కాని 'అట్టి బౌలరు లేడు' అని మనము చదివికొనినచో అది అన్యాయము. పట్టికలో లేనిది లోకములో లేదని యంత్రము నమ్మును. మనము నమ్మవలసిన పని లేదు.

ఈ భేదము ఆటలతోనే ఆగిపోదు. ఆటల పట్టికలో ఒక పంక్తి లేకున్న ఒక పేరు మరుగున పడును. రేషను పట్టీలోనో, పింఛను పట్టీలోనో పంక్తి లేకున్న ఒక ముసలమ్మకు ఆ నెల గడవదు. కిటికీ దగ్గర గుమాస్తా తెరవైపు చూచి 'నీ పేరు లేదు' అనును. ఆయన అడిగిన ప్రశ్న సరియైనదే. యంత్రము చెప్పిన జవాబును సరియైనదే. ఆ పట్టికలోనికి ఎవరిని ఎక్కించినారు, ఎవరిని ఎక్కించలేదు, ఎందుచేత, అను ప్రశ్నకు మాత్రము జవాబు ఆ పట్టికలో ఉండదు. దానికి మనిషి లేచి కాగితములు వెదకవలెను, ఆ ముసలమ్మను పిలిచి అడుగవలెను.

నేర్చుకొనగోరువారికి ఖర్చు లేదు. ఈ భాష తెలిసిన ఉచిత వ్యవస్థలు ఎన్నో కలవు. 2000 సంవత్సరమున వెలువడిన ఎస్.క్యూ.లైట్ అనునది చిన్న కంప్యూటరులో కూడ చక్కగా పనిచేయును. పైని పదునాలుగు పంక్తులను ఎక్కించుకొనుడు. ప్రతి ప్రశ్నకును జవాబును మొదట కాగితముమీద మీరే కట్టి, పిమ్మట యంత్రమును అడుగుడు. రెండును కలియనిచో తొందరపడక, తేడా ఎచట వచ్చినదో వెదకుడు. ఆ వెదకుటలోనే ఈ విద్య అబ్బును. ఆ పిమ్మట 1926 నాటి ఆటకు ఒక పంక్తి వ్రాయుటకై పట్టికకు ఐదవ వరుసను చేర్చుడు. దానికి 'ఆట తరగతి' అని పేరు పెట్టి, పాత పదునాలుగు పంక్తులకు టెస్టు అనియు, క్రొత్తదానికి వేరుగాను వ్రాయుడు. అప్పుడు మరల ఆర్డర్ బై పరుగులు డెస్క్ అనుడు. 153 తలమీదకు వచ్చును. టెస్టులు మాత్రమే కావలెనన్న వేర్ అని జల్లించిన, 81 తన చోటికి తాను వచ్చును. రెండు జవాబులును నిజములే యగును. ఏది దేనికి జవాబో చదువువానికి తెలియును.